కథ అయిపోయాక ఏం అడగాలి?

పిల్లలకి కథ చదివి వినిపించడం మనకి కొత్త కాదు. కథ అయిపోగానే "ఇందులో నీతి ఏమిటి నాన్నా?" అని అడగడమూ కొత్త కాదు. ఆ ప్రశ్న వినగానే పిల్లవాడు ఎటు చూస్తాడో ఈసారి గమనించండి. పుస్తకంలోకి చూడడు, మన మొహంలోకి చూస్తాడు. మనకి ఏ జవాబు కావాలో అక్కడ వెతుక్కుని, "అబద్ధం ఆడకూడదు" అనో, "పెద్దల మాట వినాలి" అనో అప్పజెప్పేస్తాడు. మనం శభాష్ అంటాం, పుస్తకం మూసేస్తాం.

అలా అడిగినందుకు ఎవరినీ తప్పు పట్టనక్కర్లేదు. పంచతంత్రం విని, పెద్ద బాలశిక్ష చదివి పెరిగిన ఇళ్లలో కథ అంటే చివర ఒక నీతి ఉండి తీరాలి. కాకీ నక్కా ఉన్న కథకి ఆ ప్రశ్న సరిపోతుంది కూడా. ఆ కథ అల్లిందే దానికోసం. కానీ పిల్లలకి ఎనిమిదో తొమ్మిదో ఏడు వచ్చాక వాళ్ల చేతికి అందే కథలు వేరు. వాటిలో మనుషులుంటారు. మంచివాడికి కోపం వస్తుంది. అబద్ధం చెప్పినవాడి మీద మనకి జాలి కలుగుతుంది. చివరికి ఏం జరిగిందో రచయిత పూర్తిగా చెప్పకుండానే ఆగిపోతాడు. అలాంటి కథని ఒక్క ముక్క నీతి కోసం పిండేస్తే చేతిలో పిప్పి మిగులుతుంది.

అందుకని నేను చెప్పదలుచుకున్నది ఒక చిన్న మార్పు. నీతి అడిగే చోట, "నీకు అలా ఎందుకనిపించింది? ఎక్కడుంది, చూపించు" అని అడగండి. దీనికి జవాబు మన మొహంలో దొరకదు. పిల్లవాడు మళ్లీ పేజీలోకి వెళ్లాల్సిందే. కథని దగ్గరగా చదవడం అంటారే, అది ఇక్కడే మొదలవుతుంది. దానికి సాహిత్యంలో డిగ్రీ అక్కర్లేదు, విమర్శకుల పరిభాష అక్కర్లేదు. కాస్త ఓపిక ఉంటే చాలు.

ఒక కథ తీసుకుని చూద్దాం. ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' 1933లో అచ్చయింది. మన దగ్గర హిందీ వాచకాల్లో పాఠంగా వచ్చింది కాబట్టి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హామిద్ నాలుగైదేళ్ల కుర్రాడు. తల్లీ తండ్రీ పోయారు. నానమ్మ అమీనా పెంచుతోంది. పండగ నాడు ఊరి పిల్లలతో కలిసి పట్నంలోని ఈద్‌గాహ్‌కి నడిచి వెళతాడు. తక్కిన పిల్లలు మట్టి బొమ్మలు, మిఠాయిలు కొనుక్కుంటారు. వీడు మాత్రం తన దగ్గరున్న మూడు పైసలూ పెట్టి నానమ్మకి పట్టకారు కొంటాడు, రొట్టెలు కాల్చేటప్పుడు ఆవిడ వేళ్లు పెనానికి తగిలి కాలుతున్నాయని.

పరీక్షలో అయితే దీని గురించి "హామిద్ త్యాగబుద్ధి గలవాడు" అని రాస్తాం. మార్కులు పడతాయి. అది అబద్ధమూ కాదు. కానీ ఆ మాట రాయడానికి కథ చదవక్కర్లేదు, గైడు చదివితే చాలు. ఇంట్లో పదేళ్ల పిల్లవాడితో కూర్చుని చదివితే మాటలు ఇంకోలా నడుస్తాయి.

"హామిద్‌కి బొమ్మలంటే ఇష్టం లేదా?"

"లేదమ్మా. మట్టివేగా, పడితే ముక్కలైపోతాయి అన్నాడు కదా."

"అన్నాడు. అనేటప్పుడు ఏం చేస్తున్నాడో ఒకసారి చూడు."

పిల్లవాడు పేజీ వెనక్కి తిప్పుతాడు. అక్కడ ఉంది. నోటితో బొమ్మల్ని తీసిపారేస్తున్నాడు గానీ కళ్లు ఆశగా వాటి మీదే ఉన్నాయి. కాసేపు చేతిలోకి తీసుకుంటే బాగుండునని ఉంది. చేతులు వాటంతటవే ముందుకు పోతున్నాయి.

"అంటే అబద్ధం చెప్పాడా?"

ఇక్కడ మీరు తొందరపడి జవాబు చెప్పకండి. తప్పు ఒప్పులు తేల్చే పని ఇప్పుడు లేదు. పిల్లవాడే కాసేపాగి, "కావాలనే ఉంది, డబ్బుల్లేవు కాబట్టి అలా అన్నాడు" అంటాడు. బహుశా, "నేనూ అలాగే అంటాను" అని కూడా అంటాడు. నోరు ఒకటి చెబుతుంటే చేతులు ఇంకోటి చెప్పగలవని, రచయిత రెండూ పక్కపక్కన పెట్టి ఏ వ్యాఖ్యానమూ చేయకుండా ముందుకు పోగలడని, ఆ పిల్లవాడికి ఆ రోజు తెలిసింది. త్యాగం అన్న మాటకి కూడా అప్పుడే బరువు వచ్చింది. కావాలని లేని బొమ్మ వదులుకుంటే అందులో త్యాగం ఏముంది?

తరవాత లెక్కలు. పిల్లలకి లెక్కలంటే భయమనుకుంటాం గానీ కథలో లెక్క దొరికితే ఉత్సాహంగా చేస్తారు. ఇంట్లో ఆ పూట మిగిలింది మొత్తం రెండు అణాలు, అంటే ఎనిమిది పైసలు. అందులో మూడు హామిద్ జేబులో, అయిదు నానమ్మ దగ్గర. తక్కిన పిల్లల జేబుల్లో పన్నెండు, పదిహేను పైసలున్నాయి. రంగులరాట్నం ఒక పైస. బొమ్మ రెండు పైసలు. రాట్నం ఎక్కి, ఒక బొమ్మ కొనుక్కుంటే హామిద్ దగ్గర మిగిలేది సున్నా. పట్టకారుకి దుకాణదారు మొదట ఆరు అడిగి, తరవాత అయిదు కచ్చితం అంటాడు. హామిద్ గుండె నిబ్బరం చేసుకుని మూడుకిస్తావా అని అడుగుతాడు. ఈ అంకెల్ని కాగితం మీద వేయించండి. ఎనిమిది పైసల ఇంటిలోంచి మూడు పైసలు పండగకి ఇచ్చి పంపిన అమీనా గురించి పిల్లవాడికి ఒక ఊహ వస్తుంది. కథ పేరు చెప్పగానే అందరం హామిద్ హామిద్ అంటాం గానీ, ముందు వదులుకున్నది ఎవరు? ఈ ప్రశ్న గైడులో ఉండదు. లెక్క వేసిన పిల్లవాడికి మాత్రం తడుతుంది.

ఇంకొంచెం దగ్గరికి వెళదాం. మొహసిన్ అనే కుర్రాడు రేవడీ మిఠాయి ఇస్తాను రమ్మని పిలిచి, హామిద్ చెయ్యి చాచగానే తన నోట్లో వేసుకుంటాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టి నవ్వుతారు. హామిద్ చిన్నబోతాడు. ఆ తరవాతే ఇనప సామాన్ల దుకాణం వస్తుంది. ఆ వరసని పిల్లవాడు గమనించాడో లేదో చూడండి. పట్టకారు చూసినప్పుడు హామిద్ మనసులో మెదిలే ఆలోచనల్లో నానమ్మ కాలిన వేళ్లున్నాయి. ఆవిడ సంతోషపడి పొరుగువాళ్లందరికీ చూపిస్తుందన్న ఆశ ఉంది. పెద్దవాళ్ల దీవెనలు దేవుడి దాకా వెళతాయన్న లెక్క ఉంది. వీళ్లెవరూ నాకు ఒక్క మిఠాయి ముక్క పెట్టలేదన్న ఉక్రోషమూ ఉంది. ప్రేమ, గర్వం, ఆశ, కోపం, అన్నీ ఒక్క చిన్న బుర్రలో ఒకేసారి. నాలుగైదేళ్ల పిల్లవాడిని రుషిని చేయకుండా పిల్లవాడిగానే ఉంచినందుకు ప్రేమ్‌చంద్ మీద నాకు అంత గౌరవం.

నాకు బాగా ఇష్టమైన చోటు ఇంకోటుంది, దాన్ని చాలామంది దాటేస్తారు. దారిలో బొమ్మలు గొప్పవా పట్టకారు గొప్పదా అని వాదన జరుగుతుంది. హామిద్ నోటి ధాటికి అందరూ ఓడిపోతారు. తమ బొమ్మలు వాడి చేతికిచ్చి, పట్టకారు తీసుకుని చూస్తారు. అప్పుడు హామిద్ ఏమంటాడు? మిమ్మల్ని ఉడికించడానికి అలా అన్నాను, ఈ బొమ్మల ముందు పట్టకారు ఏపాటిది అంటాడు. అంతసేపూ దాచుకున్న మాట గెలిచాక బయటపెడతాడు. అప్పుడు బొమ్మలు వాడి చేతుల్లో ఉన్నాయి. మొదట ముందుకు పోయిన ఆ చేతుల్లోకే వచ్చాయి. ఈ రెండు చోట్లా వేలు పెట్టి కలిపి చూపించగలిగిన పిల్లవాడికి కథ ఎలా కడతారో తెలిసిపోయినట్టే. మీరు చెప్పేయకండి, వాళ్లు కనిపెడితే ఆ ఆనందం వేరు.

చివరికి ఒక ప్రశ్న అడగండి. "మనకి తెలిసి హామిద్‌కి తెలియనిది ఏమిటి?" తండ్రి డబ్బు సంపాదించడానికి వెళ్లాడని, తల్లి అల్లా ఇంటి నుంచి మంచి వస్తువులు తేవడానికి వెళ్లిందని వాడి నమ్మకం. ఇద్దరూ లేరని మనకి మొదటి పేజీల్లోనే తెలుసు. పట్టకారు చూసి అమీనా మొదట కోప్పడుతుంది, మధ్యాహ్నం దాకా ఏమీ తినలేదు, తాగలేదు, ఇదా తెచ్చింది అని. హామిద్ తప్పు చేసినవాడిలా సంగతి చెబుతాడు. ఆవిడ కొంగు పట్టి దీవిస్తూ చిన్నపిల్లలా ఏడుస్తుంది. ఎందుకు ఏడుస్తోందో హామిద్‌కి అర్థం కాదు. చదువుతున్న మీ పిల్లవాడికి అర్థమవుతుంది. కథలో పిల్లవాడి కన్నా తనకి ఎక్కువ తెలుసునని గుర్తుపట్టిన క్షణంలో పాఠకుడు పుడతాడు. ఏ కథకైనా ఈ ప్రశ్న పనికొస్తుంది. ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలిసింది?

ఇలా అడగడం పరాయి పద్ధతేమో అనుకోనవసరం లేదు. బేతాళ కథలు గుర్తు చేసుకోండి. 1947లో మొదలైన 'చందమామ' దశాబ్దాల పాటు వాటిని నడిపింది. పాతిక కథలు ఎప్పుడో అయిపోతే కొత్తవి రాయించుకుంటూ పోయింది. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడుస్తుంటే బేతాళుడు కథ చెబుతాడు. చివర అడిగే ప్రశ్న నీతి గురించి కాదు. ఫలానా మనిషి వచ్చిన రాజ్యాన్ని ఎందుకు వదులుకున్నాడు, అంత కష్టపడి సాధించి చివర్లో ఎందుకు కాదన్నాడు, ఇలా ఉంటుంది. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. రాజు జవాబు ఎక్కడి నుంచి తెస్తాడు? కథలో అప్పటికే జరిగిన సంగతుల్లోంచి. బేతాళుడు ముందే చెప్పి, మనం పట్టించుకోకుండా వదిలేసిన ఒక చిన్న వివరం మీద జవాబు నిలబడుతుంది. దగ్గరగా చదవడం ఇంతకన్నా ఏమిటి? 1952 నుంచి 1980 దాకా ఆ పత్రికని నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు స్వయంగా గొప్ప కథకుడు. పిల్లల తెలివి మీద నమ్మకం లేనివాళ్లు అలాంటి శీర్షికని అన్నేళ్లు నడపలేరు.

కాబట్టి ఏడెనిమిదేళ్ల పిల్లలుంటే ఒక పాత బేతాళ కథ తీసుకోండి. ప్రశ్న దాకా చదివి, రాజు జవాబు ఉన్న పేరాని అరచేత్తో మూసేయండి. పిల్లవాడు విక్రమార్కుడు. వాడు చెప్పిన జవాబు అచ్చులో ఉన్నదానితో కలవకపోయినా కంగారేమీ లేదు. కథలోంచి ఆధారం చూపించగలిగాడా అన్నది చూడండి. ఒక్కోసారి రాజు జవాబు కన్నా పిల్లవాడిదే బాగుంటుంది. అలా ఉన్నప్పుడు ఆ మాట వాడికి చెప్పండి.

ఎన్ని అర్థాలైనా ఒప్పేసుకోవాలా అని మీకు సందేహం రావచ్చు. అక్కర్లేదు. హామిద్ స్నేహితుల ముందు గొప్ప కోసమే పట్టకారు కొన్నాడని ఒక అమ్మాయి అందనుకోండి. పేజీకి వెళదాం. ఆ ఆలోచన కొంత ఉంది, నిజమే. అదొక్కటే ఉందా? నానమ్మ వేళ్ల సంగతి అంతకు ముందే వచ్చింది కదా. అప్పుడు ఆ అమ్మాయి తన మాటని కాస్త సవరించుకుంటుంది. "నాకలా అనిపించింది, అంతే" అన్న చోట నుంచి "ఇది ఉంది, అది కూడా ఉంది" అనే దాకా రావడం చిన్న సంగతి కాదు. ఎదుటి మనిషి గురించి ఒక్క మాటలో తీర్పు చెప్పకుండా ఆగడం కూడా అలాగే అలవాటవుతుంది. పెద్దవాళ్లం మనకే అది అంత సులువుగా రాదు.

చదివే తీరు గురించి ఒకటి రెండు మాటలు. పైకి చదవండి. పిల్లవాడికి చదవడం బాగా వచ్చినా సరే, మీరు ఒక పేజీ, వాడు ఒక పేజీ. పైకి చదివితే వేగం తగ్గుతుంది, కళ్లు దాటేసే మాటలు చెవిన పడతాయి. సంభాషణ వచ్చినప్పుడు ఆ మనిషి కోపంగా అన్నాడా, బతిమాలుతూ అన్నాడా అని గొంతు తేల్చుకోవాలి. గొంతు తేల్చుకోవడం కూడా విశ్లేషణే. మధ్యలో ఆపి ప్రశ్నలు వేయకండి. మొదటిసారి కథని కథలా పోనివ్వండి. ప్రశ్న అడిగాక మౌనంగా ఉండటం అన్నిటికన్నా కష్టం. పిల్లలు ఆలోచించేటప్పుడు కిటికీలోంచి చూస్తారు, గోళ్లు గిల్లుకుంటారు. ఆ మౌనం భరించలేక మనమే జవాబు అందించేస్తాం. అందించకండి.

కథని మళ్లీ చదవడం గురించి మాత్రం గట్టిగా చెబుతాను. మన ఇళ్లలో ఒకసారి చదివిన పుస్తకం అయిపోయిన పుస్తకం. కానీ మంచి కథ మొదటి చదువులో సగమే దొరుకుతుంది. దీనికి గురజాడ 'దిద్దుబాటు' కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలకి ఇవ్వవచ్చు. 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన కథ, నాలుగైదు పేజీలకి మించదు. గోపాలరావు సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. భార్య కమలిని కనపడదు, ఉత్తరం మాత్రం ఉంటుంది. వాడు నౌకరు రాముణ్ణి లేపుతాడు, ఆ ఉత్తరం చదువుతాడు, కలవరపడతాడు, తనని తాను తిట్టుకుంటాడు. చివరికి మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు.

మొదటిసారి చదివినప్పుడు పిల్లలు నవ్వేస్తారు, బాగుందంటారు. వెంటనే మళ్లీ మొదటికి తిప్పించండి. ఇప్పుడు కమలిని ఆ గదిలోనే ఉందని మనకి తెలుసు. గోపాలరావు అన్న ప్రతి మాటా ఆవిడ వింటోంది. భర్త రాముడితో ఎలా మాట్లాడాడో, తన గురించి ఏమన్నాడో, భయం వేసినప్పుడు ఎలా మారిపోయాడో, అన్నీ విన్నది. అక్షరం మారలేదు, కథ మారిపోయింది. మొదటిసారి మనం గోపాలరావు పక్కన నిలబడి చదివాం, అందుకే అతనితో పాటు మోసపోయాం. రెండోసారి మంచం కింద నుంచి విన్నాం. కథని ఎవరి వైపు నుంచి చెబుతున్నారు అన్న ప్రశ్న ఎందుకంత ముఖ్యమో ఇంతకన్నా బాగా వివరించే ఉపన్యాసం లేదు. ఇక రాముడి మాటల్లోని ఉత్తరాంధ్ర యాసని పిల్లల చేత పైకి చదివించండి. ఇంట్లో అధికారం ఎవరిది, భయం ఎవరిది అన్నది ఆ మాటల తీరులోనే వినిపిస్తుంది. కథలో సానిపాట సంగతి ఉంది కదా, పిల్లలకి ఎలా అని కొందరు వెనకాడతారు. పదిహేనేళ్ల పిల్లలు ఫోనులో చూసేవాటితో పోలిస్తే ఇది చాలా మర్యాదైన కథ. అప్పటి సమాజం గురించి మీరు పక్కనుండి నాలుగు మాటలు చెప్పడానికి మంచి అవకాశం కూడా.

కన్నీళ్లు తెప్పించే కథల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. చెహోవ్ 'వాంకా' 1886 నాటిది. మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు చదివిన తరానికి ఆ రచయిత ఇంటి మనిషి లాంటివాడు. తొమ్మిదేళ్ల వాంకాని మాస్కోలో చెప్పులు కుట్టే యజమాని దగ్గర పనికి పెట్టారు. క్రిస్మస్ ముందు రాత్రి ఇంట్లోవాళ్లు చర్చికి వెళ్లినప్పుడు, ఊళ్లో ఉన్న తాతకి ఉత్తరం రాస్తాడు. కొడుతున్నారు, కడుపునిండా పెట్టరు, వచ్చి తీసుకెళ్లు అని. కవరు మీద ఊరి పేరు రాయడు. పల్లెలో ఉన్న తాతకి అని రాసి, కాస్త ఆలోచించి తాత పేరు చేరుస్తాడు. పరుగెత్తుకెళ్లి పెట్టెలో వేసి వచ్చి, తాత పొయ్యి గట్టు మీద కూర్చుని తన ఉత్తరం చదువుతున్నట్టు కల కంటాడు.

"ఉత్తరం చేరుతుందా?" అని అడిగితే ఏ పిల్లవాడైనా చేరదు అంటాడు. "చేరదని ఎక్కడ రాసుంది?" అని అడగండి. వెతుకుతారు. ఎక్కడా ఉండదు. చెహోవ్ అయ్యో అనడు, పాపం అనడు. చిరునామా ఒక్కటి చూపించి ఊరుకుంటాడు. మిగతాది చదివేవాళ్లే పూరించాలి. చెప్పకుండా వదిలినది ఎంత గట్టిగా వినబడుతుందో పిల్లలకి తెలియడానికి ఈ ఒక్క కవరు చాలు. కాస్త పెద్ద పిల్లలైతే ఇంకో ప్రశ్న ఉంది. వాంకా తలుచుకునే తాత ఎప్పుడూ నవ్వుతూ, తాగిన కళ్లతో ఉంటాడు. కుక్కలకి నశ్యం వాసన చూపించి సరదా పడతాడు. ఉత్తరం అందినా ఆ తాత నిజంగా వచ్చి తీసుకెళ్లేవాడా? కథ చెప్పదు. మీరూ చెప్పకండి.

అయితే ఈ కథ చదివాక పిల్లవాడు ఏడిస్తే ఆ రాత్రికి ప్రశ్నలు వద్దు. పక్కన కూర్చోండి, అంతే. కదిలిన మనసుని వెంటనే ప్రశ్నల్లోకి దింపితే, కథ చదవడం అంటే పరీక్ష రాయడం అన్న భావం కలుగుతుంది. వారం పోయాక వాడే ఏదో సందర్భంలో వాంకా మాట ఎత్తుతాడు. అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకి, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న పిల్లలకి తెలుగు చదవడం రాకపోవచ్చు, వచ్చినా గబగబా రాకపోవచ్చు. దానివల్ల ఇదంతా ఆగక్కర్లేదు. మీరు తెలుగులో చదవండి, వాళ్లు వినాలి. జవాబు ఇంగ్లీషులో చెప్పినా వినండి. ఆ పూట మన పట్టింపు కథ మీదే ఉండాలి. మనబడి లాంటి తరగతుల్లో గుణింతాలు, ఒత్తులు నేర్చుకుని ఆ తరవాత ఏం చదవాలో తెలియక ఆగిపోయిన పిల్లలకి మహమ్మద్ ఖదీర్ బాబు 'దర్గామిట్ట కథలు' లాంటివి చదివి వినిపించండి. నెల్లూరు మాటతీరులో ఒక పిల్లవాడు తన ఇంటి గురించి, అమ్మానాన్నల గురించి చెప్పుకునే కథలు. నామిని 'సినబ్బ కథలు' చిత్తూరు పల్లె మాటలో ఉంటాయి, మీరే ముందు రెండుసార్లు పైకి చదువుకుంటే నాలుక తిరుగుతుంది. తాతయ్యా అమ్మమ్మలు ఆ ప్రాంతం వాళ్లయితే ఫోనులో వాళ్ల చేత చదివించండి, ఆ రుచి మనం తేలేం.

ఇదంతా మార్కులకి పనికొస్తుందా అని అడిగే తండ్రులుంటారు. వాళ్లనీ తీసిపారేయను, పిల్లల చదువు గురించి దిగులు ఎవరికి ఉండదు? చూడని పేరా ఇచ్చి ప్రశ్నలు అడిగే పరీక్షల్లో, ఆధారం వెతికే అలవాటున్న పిల్లలు తడబడరు. కానీ ఆ పని కోసమని మొదలుపెడితే పిల్లలు రెండో రోజే పసిగట్టేస్తారు, పుస్తకం కనపడగానే మొహం ముడుచుకుంటారు. మార్కుల సంగతి మీ మనసులోనే ఉంచుకోండి.

వారానికి ఒక్క కథ చాలు. పెద్ద కథలు వద్దు, ఒక పూటలో అయిపోయేది కావాలి. సొంత పుస్తకమైతే పెన్సిల్‌తో గీతలు పెట్టనివ్వండి, పుస్తకం పాడవుతుందని కసరకండి. నచ్చిన చోట ఒక గీత, అర్థం కాని చోట ఒక ప్రశ్నార్థకం, అంతకుమించి ఏమీ అక్కర్లేదు. మొదలుపెట్టే ముందు రాత్రి ఆ కథ మీరు ఒంటరిగా ఒకసారి చదువుకోండి. మీకు నిజంగా అర్థం కాని చోటు, ఈ మనిషి ఇలా ఎందుకు చేసిందబ్బా అని మీరే ఆగిపోయిన చోటు ఒకటి ఉంటుంది. జవాబు మీకూ తెలియదని చెప్పి, మర్నాడు ముందుగా ఆ ప్రశ్నే పిల్లల్ని అడగండి.